దోసె వచ్చేలోగా పిల్లలతో ఎట్లా?

చిలమత్తూరు: ఆదివారం పూట కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హోటల్లో అడుగుపెడితే పెనం మీద దోసె చప్పుడుతో పాటు పసిపిల్లల ఏడుపు కూడా వినిపిస్తుంది. లేపాక్షి నందిని చూసి వచ్చేవారు, బెంగుళూరు ఆసుపత్రికి పోయి తిరిగి వచ్చేవారు, పెళ్లి బట్టలు కొనుక్కుని ఊరికి మళ్లేవారు, అందరి చంకల్లోనూ ఒక పిల్లో, పిల్లవాడో ఉంటారు. టిఫినుకు ఆర్డరు ఇచ్చి పది నిమిషాలు కాకముందే ఒకడు బల్ల ఎక్కుతాడు, ఇంకొకడు ఉప్పుగిన్నె బోర్లిస్తాడు, మూడోవాడు వంటగది తలుపు దాకా పరుగు తీస్తాడు. తల్లి కేకలు వేస్తుంది, తండ్రి సెల్‌ఫోను తీసి చేతిలో పెడతాడు.

వెనకటికి మన పల్లెల్లో హోటలు తిండి అంటే సంతకు పోయిన మగవాళ్ల వ్యవహారం. ఆడవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని హోటలు మెట్లెక్కడం అరుదు. ఎప్పుడైనా ఎక్కితే ‘ఫ్యామిలీ రూము’ అని బోర్డు పెట్టి, అడ్డంగా కర్టెను కట్టిన గదిలో కూర్చోబెట్టేవారు. పిల్లవాడు ఏ ఆగడం చేసినా ఆ తెర చాటునే గడిచిపోయేది. ఇప్పుడా తెరలు చాలాచోట్ల పోయాయి. ఇంటిల్లిపాదీ అందరి మధ్యనే కూర్చుంటున్నారు. అది మంచి మార్పే. కానీ పిల్లవాడు అందరి మధ్యకు వచ్చాక వాడిని ఎట్లా కనిపెట్టుకోవాలన్నది కూడా తెలిసి ఉండాలి గదా!

ఇది పట్నం వాళ్ల నాజూకు వ్యవహారమని, మనకెందుకని కొందరు కొట్టిపారేస్తారు. సాంబారు బెంగుళూరులో ఎంత కాలుతుందో చిలమత్తూరులోనూ అంతే కాలుతుంది.

పిల్లవాడి కష్టం

పల్లెలో పిల్లవాడు కూర్చుని తినడు. అవ్వ చంకన వేసుకుని, వాకిట్లో తిప్పుతూ, కోడిని, కుక్కను, చందమామను చూపిస్తూ ముద్దలు పెడుతుంది. అటువంటివాడిని తీసుకుపోయి గడ్డం దాకా వచ్చే బల్ల ముందు, కాళ్లు నేలకు అందని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఏమీ పెట్టకుండా ‘కదలకుండా ఉండు’ అంటే ఎట్లా ఉంటాడు? పైగా బస్సులో గంటసేపు కూర్చుని వచ్చి ఉంటాడు. ఆకలి ఉంటుంది. చుట్టూ అంతా కొత్తముఖాలు. పెద్దలు తమ మాటల్లో పడి ఉంటారు. రెండు మూడేళ్ల పిల్లవాడు ఆ స్థితిలో పావుగంట కుదురుగా ఉంటే ఒంట్లో బాగాలేదేమోనని చూసుకోవాలి!

కాబట్టి వాడి అల్లరిలో సగం వాడి తప్పు కాదు, మనం చేసే ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తగ్గించుకునే దారులు ఉన్నాయి. ఇడ్లీ చాలా హోటళ్లలో ముందే వండి సిద్ధంగా ఉంటుంది, దోసె ఒక్కొక్కటిగా పెనం మీద పోయాలి. రద్దీ వేళ దోసెకు ఎంత సేపు పడుతుందో మాస్టరే చెప్పలేడు. కాబట్టి కూర్చోగానే ‘ముందు పిల్లవాడికి ఒక ఇడ్లీ పంపు అన్నా’ అని అడగండి. పెద్దల దోసెలు నిదానంగా వస్తాయి. అందరికీ ఒకేసారి రావాలన్న పట్టింపు పిల్లలున్న చోట పనికిరాదు. ఇంట్లో నుంచి బయలుదేరేటప్పుడే వాడికి నాలుగు ముద్దలు సంగటో, పెరుగన్నమో పెట్టి తెస్తే ఇంకా మేలు. ‘హోటల్లో బాగా తింటాడు, ఇప్పుడెందుకు’ అని కడుపు మాడ్చి తీసుకువచ్చేవాళ్లకే ఎక్కువ తిప్పలు.

ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే ఇంకొక ఉపాయం ఉంది. ఒకరు లోపలికి పోయి చోటు చూసుకుని ఆర్డరు ఇవ్వాలి. రెండోవారు పిల్లవాడి చెయ్యి పట్టుకుని వరండాలోనే ఉండి, రోడ్డు మీద పోయే లారీలను చూపించాలి. మన చెక్‌పోస్టు దగ్గర ఈ ఆట బాగా కుదురుతుంది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి అది, దేశంలో అన్నింటికంటే పొడవైనది. వెనకటి 7వ నంబరు రోడ్డు ఇందులోనే కలిసింది. కేఏ కర్ణాటకది, టీఎన్ తమిళనాడుది, ఎంహెచ్ మహారాష్ట్రది, టీఎస్ అన్నా టీజీ అన్నా తెలంగాణది. బడికి పోయే పిల్లవాడు అక్షరాలు చదువుతాడు, చిన్నవాడు చక్రాలు లెక్కపెడతాడు. అయితే చెయ్యి మాత్రం వదలకూడదు. రోడ్డు అంచుకు పోకూడదు. అక్కడ బండ్లు పోయే వేగం మనకు తెలియనిది కాదు.

బకెట్టు పోయే దారి

హోటలు లోపల నేల మీద గీత గీసి ఉండదు గానీ, సర్వరు నడిచే దారి ఒకటి ఉంటుంది. వంటగది తలుపు నుంచి బల్లల మధ్యగా చేతులు కడిగే తొట్టి దాకా. ఆ దారిలో అతడు ఒక చేత్తో సాంబారు బకెట్టు, ఇంకొక చేతి మీద వరుసగా నాలుగు ప్లేట్లు పట్టుకుని వస్తాడు. అతడి చూపు బల్లల మీద ఉంటుంది. మోకాలి ఎత్తున పరుగెత్తి వచ్చే పిల్లవాడు అతడికి కనిపించడు. బకెట్టు సరిగ్గా ఆ పిల్లవాడి తల ఎత్తున ఉంటుంది. తొట్టి దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఆగాలన్నా కాలు ఆగదు.

హోటల్లో పిల్లల పరుగు పందేలు ముచ్చటగా ఉంటాయని నవ్వుతూ చూసే తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి. పసివాళ్ల చర్మం పెద్దవాళ్ల చర్మం కంటే పలచన. 60 డిగ్రీల వేడి నీళ్లు పడినా కొద్ది సెకన్లలోనే లోతుగా కాలుతుంది. పొగలు కక్కుతూ వచ్చే సాంబారు, కాఫీ అంతకంటే వేడిగానే ఉంటాయి. పెద్దవాడి చెయ్యి మాత్రమే తడిసే గ్లాసెడు కాఫీ ఏడాది పిల్లవాడి మీద పడితే ముఖం, మెడ, రొమ్ము అంతా తడుస్తుంది. ఇటువంటి ప్రమాదం జరిగినప్పుడు అందరూ సర్వరు మీద పడతారు. ‘కళ్లు కనిపించవా’ అంటారు. ఆ బకెట్టు అతడి కాళ్ల మీద కూడా పడిందని ఎవరూ చూడరు.

కాబట్టి మొదటి మర్యాద కూర్చునే చోటు చూసుకోవడం. వంటగది తలుపుకు, తొట్టికి దూరంగా, గోడ వారగా ఉన్న బల్ల పట్టండి. పిల్లవాడిని గోడ వైపు కూర్చోబెట్టి, దారి వైపు పెద్దవారు కూర్చోండి. వాడు దిగాలంటే మిమ్మల్ని దాటుకునే దిగాలి. కాఫీ గ్లాసు బల్ల అంచున కాకుండా వాడి చెయ్యి అందనంత లోపలికి పెట్టండి. ఒళ్లో పిల్లవాడిని పెట్టుకుని వేడి కాఫీ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని మానుకోక తప్పదు. భోజనం హోటళ్లలో ఇంకొక ముప్పు ఉంది. పిల్లలకు ఆకు అంచు పట్టి లాగడం మహా సరదా. ఆకుతో పాటు దాని మీది రసం కూడా ఒళ్లోకి వస్తుంది. వాడికి విడిగా చిన్న ప్లేటు అడిగి తీసుకోండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి జరగరానిది జరుగుతుంది. అప్పుడు చేయవలసింది ఒకటే. వెంటనే కొళాయి కింద పెట్టి, మామూలు చల్లని నీళ్లు 20 నిమిషాల పాటు ధారగా పోయాలి. 20 నిమిషాలంటే చాలా సేపు, మధ్యలో ఆపకండి. తడిసిన బట్టలు, గాజులు, కడియాలు వెంటనే తీసేయండి. బట్ట చర్మానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగవద్దు. ఐసు ముక్కలు పెట్టవద్దు. టూత్‌పేస్టు, సిరా, వెన్న, పసుపు, కోడిగుడ్డు సొన అంటూ చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒకటి చెబుతారు. ఏదీ పూయవద్దు. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.

చేతికి చెనిక్కాయలు ఇవ్వవద్దు

పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టగానే సంచిలో నుంచి గుప్పెడు చెనిక్కాయ పప్పులో, బొరుగులలో కలిపిన పప్పులో తీసి చేతిలో పోయడం మన జిల్లాలో పరిపాటి. పండించేవాళ్లం కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. కానీ ఐదేళ్లు నిండని పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకూడదు. ఈ మాట మన రైతులకు కొంచెం చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

నమిలే దవడపళ్లు పూర్తిగా రాని పిల్లవాడు పప్పును ముక్కలు చేయగలడే గానీ మెత్తగా నమలలేడు. తింటూ నవ్వినా, ఏడ్చినా, పరుగెత్తినా ఊపిరితో పాటు ఆ ముక్క గాలిగొట్టంలోకి జారుతుంది. పిల్లల ఊపిరి దారిలో అడ్డుపడే తిండి పదార్థాల్లో ముందు వరుసలో ఉండేది ఈ చెనిక్కాయ పప్పే. ఒక్కోసారి అప్పటికప్పుడు గుక్క తిప్పుకోలేరు. ఒక్కోసారి కాసేపు దగ్గి ఊరుకుంటారు, మనం మరచిపోతాం. వారం తరువాత జ్వరం, దగ్గు, ఆయాసం అంటూ డాక్టరు దగ్గరకు పోతే ఎక్స్‌రేలో పప్పు కనిపించదు. అందువల్ల ‘తింటూ ఉండగా ఒకసారి పొలమారింది’ అన్న సంగతి డాక్టరుకు చెప్పడం ఎంతో ముఖ్యం. హోటలు కౌంటరు మీది గట్టి చాక్లెట్లు, చిక్కీ ముక్కలు, గుండ్రటి ద్రాక్షపండ్లు కూడా ఈ కోవలోవే. ద్రాక్షపండు ఇవ్వాలంటే నిలువునా నాలుగు చీలికలు చేసి ఇవ్వండి. చెనిక్కాయలు మెత్తగా రుబ్బిన చట్నీగా ఇడ్లీతో తినిపిస్తే చిక్కు లేదు.

గొంతుకు అడ్డం పడినప్పుడు పిల్లవాడు గట్టిగా దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గలేక, గొంతు పెగలక, ముఖం నీలిగా మారుతూ ఉంటే ముందుకు వంచి రెండు భుజాల నడుమ వీపు మీద అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి ఉంచి లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. మళ్లీ వీపు, మళ్లీ పొట్ట. ఏడాది నిండని పసిబిడ్డకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేట్టు బోర్లా పడుకోబెట్టి వీపు చరచి, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ రెండు వేళ్లతో నొక్కాలి. కంటికి కనిపించని దానికోసం నోట్లో వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఈలోగా పక్కవారు 108ని పిలవాలి.

ఫోను సంగతి

ఇక సెల్‌ఫోను. దాన్ని చేతిలో పెడితే పిల్లవాడు క్షణంలో ఊరుకుంటాడు, నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దు. రెండు మొదలు నాలుగేళ్ల వయసు వారికి రోజు మొత్తం మీద గంటకు మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దనే అంటుంది.

ఈ లెక్కలు పక్కన పెట్టినా హోటల్లో ఫోనుతో వచ్చే చిక్కు వేరు. వాడి కళ్లు బొమ్మల మీద, నోరు తల్లి చేతి కింద. ఏం తింటున్నాడో, కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు. ఫోను లాక్కోగానే మొదటికంటే పెద్ద ఏడుపు. ఏడిస్తే ఫోను వస్తుందని రెండుసార్లలోనే నేర్చుకుంటాడు, ఆ చదువు మాత్రం మరచిపోడు. ఇక శబ్దం సంగతి చెప్పనవసరం లేదు. నాలుగు బల్లల మీద నాలుగు రకాల బొమ్మల పాటలు మోగుతూ ఉంటే పక్కన కూర్చున్న ముసలాయన తన కొడుకుతో మాట్లాడాలన్నా అరవాలి. జ్వరంతో ఉన్న బిడ్డను ఆసుపత్రి నుంచి తీసుకుపోతూ నాలుగు ముద్దలు తినిపించడానికి ఫోను చూపించే తల్లిని ఎవరూ తప్పుపట్టరు. అప్పుడైనా శబ్దం మాత్రం తీసేయాలి.

ఫోనుతో ఒక మంచి పని చేయవచ్చు. అందులోని టార్చిలైటు వెలిగించి గోడ మీదికి పట్టండి. ముందు మీ చేతులు అడ్డం పెట్టి కుక్క తల, కుందేలు చెవులు, ఎగిరే కొంగ చేసి చూపించండి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు ఈనాటికీ ఉన్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన చేతి కుందేలుకు అంత హంగు లేకపోయినా నీడలు ఆడించే కిటుకు అదే. మూడేళ్ల పిల్లవాడికి ఇది చాలు.

వేరే సామాను కూడా అక్కరలేదు. చేతిరుమాలును మడిచి ముడివేసి ఎలుకను చేసి చంకలోకి పాకించడం మన అవ్వలకు తెలిసిన విద్యే. బిల్లు కాగితం వెనక పెన్సిలుతో గీయించవచ్చు. స్పూను ఒకచోట దాచి ‘ఏ చేతిలో ఉంది?’ అనవచ్చు. కళ్లు మూయించి వాసన చూపి, కాఫీయో, చట్నీయో, కొత్తిమీరో చెప్పమనవచ్చు. నాలుగేళ్లు దాటితే పొడుపు కథలు బాగా పనిచేస్తాయి. పాతవి గుర్తులేకపోతే బల్ల మీద ఉన్నదాన్ని చూసి అప్పటికప్పుడు అల్లుకోండి. ‘గుండ్రటి ఒళ్లు, నడుమ ఒక్క కన్ను, అయినా ఏమీ చూడలేడు, ఎవరు?’ అంటే వడ. లేపాక్షి నుంచి వచ్చేవాళ్లయితే నందిని గురించి అడగండి. ఒకే రాతిలో మలిచిన ఆ నంది పొడవు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ‘మన ఇంటి ఎద్దు పక్కన నిలబడితే ఎంత ఉంటుంది? దానికి గడ్డి వేయాలంటే ఎన్ని బండ్లు కావాలి?’ అంటే వాడు ఇడ్లీ వచ్చేదాకా బండ్లు లెక్కపెడుతూనే ఉంటాడు. బొమ్మ తెచ్చుకుంటే ఒకటి చాలు, అది చప్పుడు చేయనిది, చిన్న చిన్న భాగాలు ఊడనిది అయి ఉండాలి. దాన్ని హోటలుకు వచ్చినప్పుడే సంచిలో నుంచి తీయాలి. రోజూ చూసే బొమ్మ మీద పిల్లలకు మోజు ఉండదు.

ఉప్పుగిన్నె, చక్కెర డబ్బా, పళ్లుకుట్టుకునే పుల్లలు ఆటవస్తువులు కావు. మన తరువాత వచ్చేవారు వాటినే వాడుకోవాలి.

హోటలు వారికి ఒక మాట

పిల్లలకంటూ వేరే తిండి పెట్టవచ్చునన్న ఆలోచన కొత్తదేమీ కాదు. జపాన్ రాజధాని టోక్యోలో మిత్సుకోషి అనే పెద్ద అంగడివారు తమ భోజనశాలలో 1930లోనే పిల్లలకోసం ప్రత్యేకంగా ఒక ప్లేటు పెట్టారు. అన్నీ కొంచెం కొంచెం వడ్డించడం వారి పద్ధతి. అటువంటి ప్లేట్లలో అన్నం కుప్ప మీద చిన్న కాగితపు జెండా గుచ్చడం తరువాత దేశమంతా ఆనవాయితీ అయింది. అమెరికాలో మెక్‌డోనాల్డ్స్ వారు 1979లో తిండితో పాటు బొమ్మ కూడా పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. అది వ్యాపారం పెంచుకునే ఎత్తు, పిల్లల మీద ప్రేమ ఎంతో చెప్పలేం.

మన రోడ్డు పక్క హోటళ్లకు జెండాలూ బొమ్మలూ అక్కరలేదు. ఒక్క ఇడ్లీ, అర దోసె అడిగితే విసుక్కోకుండా ఇవ్వడం, తొట్టి కింద పిల్లలు ఎక్కి చేతులు కడుక్కునే చిన్న మెట్టు వేయించడం, పిల్లవాడి తల మీదుగా సాంబారు వడ్డించకుండా సర్వర్లకు చెప్పడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. నీళ్ల గ్లాసు సగమే నింపి ఇస్తే బల్ల తుడిచే పని కూడా తగ్గుతుంది.

బల్ల తుడిచేవారి సంగతి వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. ఒకప్పుడు మన హోటళ్లలో ఆ పని చేసేది తరచు పదేళ్ల కుర్రవాడే. మన పిల్లవాడు ఆటలాడుతూ చల్లిన మెతుకులను, బడికి పోవలసిన ఇంకొక పిల్లవాడు తడిగుడ్డతో ఎత్తేవాడు. మనం చూస్తూ తినేవాళ్లం. 14 ఏళ్లలోపు పిల్లలను హోటళ్లలో, ధాబాలలో పనికి పెట్టుకోరాదని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. 2016లో చట్టాన్ని ఇంకా బిగించారు. అయినా ఎక్కడైనా అటువంటి కుర్రవాడు కనబడితే 1098 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. పెద్దవారే తుడిచినా, కింద పడ్డ ఇడ్లీ ముక్కలను లేచేముందు ఒక కాగితంలోకి ఎత్తి పెడితే మన సొమ్మేం పోదు. పిల్లవాడి చేత ఎత్తించినా మంచిదే, అదీ వాడికి ఒక ఆటే.

ఇంకొక అలవాటు కూడా మానుకోవాలి. ‘ఊరుకోకపోతే సర్వరు మామ కొడతాడు’, ‘పోలీసుకు పట్టిస్తా’ అని బెదిరించడం. ఇంతసేపూ మనకు వడ్డించిన మనిషిని పిల్లవాడి కళ్లకు దయ్యంగా చేసి చూపించడం ఏం న్యాయం? అతడిని చూసినప్పుడల్లా వాడు ఇంకా బెదిరి ఏడుస్తాడు. ‘అన్నకు చెప్పు, నీకు ఏం కావాలో నువ్వే అడుగు’ అంటే భయం పోతుంది, అడగడం వస్తుంది.

ఎన్ని చేసినా పిల్లలు ఒక్కోసారి మొండికేస్తారు. అప్పుడు అక్కడే కూర్చోబెట్టి అందరి ముందు కొట్టడం, తిట్టడం వల్ల ఏడుపు ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. ఎత్తుకుని బయటికి తీసుకుపోయి, గాలి తగిలేచోట ఐదు నిమిషాలు నిలబడండి. ఒకసారి ఒంటికి పోయించండి. చాలామంది పిల్లల మొండితనం అక్కడితోనే తీరుతుంది. ఈలోగా దోసె చల్లారిపోతుందన్నది నిజమే. ఇంట్లోవారు వంతులు వేసుకుని, ముందు తల్లిని తిననిచ్చి, తరువాత తండ్రి తింటే ఆ చిక్కూ ఉండదు. మన హోటళ్లలో చల్లారిన దోసె తింటూ కనిపించేది ఎప్పుడూ తల్లులే.

పక్క బల్లవారు కూడా కొంత ఓర్చుకోవాలి. ఏడ్చే పిల్లవాడి వంక గుడ్లురిమి చూస్తే తల్లి కంగారు పడుతుంది, వాడు ఇంకా ఏడుస్తాడు. చెయ్యి ఖాళీగా ఉంటే ఒక కుందేలు చెవులు చేసి చూపించండి.